గార్డుగారి రెండు రోజుల రూలు

దక్షిణామూర్తిగారి చేతులు అప్పటికే రొట్టెలు మూట కడుతున్నాయి. ఆ రొట్టెలు ఎవరి కోసమో ప్రసంగీకుడికి ఇంకా తెలియదు. అతను తాను బస చేసిన సూర్యావతి ఇంటి ముందు బండరాయి మీద కూర్చుని వేపపుల్లతో పళ్ళు తోముకుంటూ, భిలాయి క్యాంప్ 2లో వారం పొడుగునా జరపబోయే ఉజ్జీవ కూటాల గురించి ఆలోచిస్తున్నాడు.

"అయ్యగారూ, రాయపూర్లో విశాఖ పాసింజరు అందాలంటే మీరు తొందరగా పవర్‌హౌస్ స్టేషనుకి చేరాలండీ" అన్నారు దక్షిణామూర్తిగారు ముడి బిగిస్తూ.

"ఎవరు వెళ్తున్నారు?"

"మీరేనండీ."

"నేను నిన్ననే గదా వచ్చాను!"

"అందుకేనండీ. ఇవాళ రెండో రోజు."

ప్రసంగీకుడు పుల్ల ఉమ్మేశాడు. "ఆత్మ నన్ను ఇంకా ఇక్కడే ఉండమంటోంది బ్రదర్" అన్నాడు గంభీరంగా.

"ఆత్మ ఇక్కడే ఉంటుందండీ. మీరు బయల్దేరండి."

దక్షిణామూర్తిగారికి ఉన్న పట్టుదల ఒక్కటే. క్రైస్తవ సంఘంలో ఏ పని జరిగినా, మొదటి మూడు నాలుగు వందల ఏళ్ళలో ఎలా జరిగేదో అలాగే జరగాలి. బాప్తిస్మం, ఉపవాసం, ఎవరు ఎక్కడ కూర్చోవాలి, చుట్టం ఎన్నాళ్ళుండాలి, అన్నిటికీ ఆయన దగ్గర రూలు ఉండేది. ఎవరేం చేసినా గుమ్మం దగ్గర నిలబడి "మొదట్లో ఇలా లేదండీ" అనేవారు. కోపంగా కాదు. ప్లాట్‌ఫారం మారిందని చెప్పినట్టు చెప్పేవారు.

ఆయన రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యారు. గూడ్సు గార్డు బతుకంతా సిగ్నల్ కోసం ఎదురు చూడటమే. అలా ఓసారి బిలాస్‌పూర్ యార్డు బయట ఎదురు చూస్తూ, పాత సామాన్లు అమ్మే ఒక కబాడీ దుకాణంలో అట్ట లేని ఇంగ్లీషు పుస్తకం కొన్నారు. తొలినాటి సంఘాలు తమ ఆరాధన, క్రమశిక్షణ ఎలా ఉండాలో రాసుకున్న పాత కట్టడలన్నీ అందులో ఉన్నాయి. మొదటి పేజీలు చెదలు తినేశాయి కాబట్టి పుస్తకం పేరేమిటో ఆయనకు చివరిదాకా తెలియలేదు. చెదలు వదిలేసినదంతా కంఠతా వచ్చు. చెదలు తిన్న సంగతుల్లో మాత్రం ఎవరినీ ఏమీ అనేవారు కాదు. పాటల భాగం చెదలు పూర్తిగా తిన్నట్టున్నాయి. వాళ్ళ పాటల బృందం అలా బతికిపోయింది.

నేను వాళ్ళ సంఘం మనిషిని కాను. వాళ్ళ బెంచీలు మాత్రం నేను చేసినవే. నా వడ్రంగి కొట్టు వాళ్ళ మందిరానికి గోడ ఆనుకుని ఉండేది. అక్కడ చెప్పిన ప్రతి ప్రసంగమూ నా చిత్రిక చప్పుడులో కలిసి నాకు వినబడేది. గార్డుగారు రోజూ సాయంత్రం నా కొట్టుకొచ్చి, దుంగ మీద కూర్చుని, ఆ రోజు సంఘంలో ఎన్ని రూళ్ళు తప్పారో చెప్పి వెళ్ళేవారు. నాకు చెప్పడంలో ఆయనకొక సుఖం ఉంది. నేను తప్పడానికి అందులో నా రూళ్ళేమీ లేవు.

ఉన్నాయని ఒకసారి బయటపడింది. మా ఆవిడ గున్నమ్మ సోమవారాలూ గురువారాలూ ఉపవాసం ఉంటుంది. ఈ సంగతి విని గార్డుగారు తల పంకించారు.

"మొదట్లో సోమ, గురువారాలు వద్దన్నారు మేస్త్రీ. అవి వేషధారుల రోజులట. బుధ, శుక్రవారాలుండాలి."

గున్నమ్మ లోపలి నుంచి గరిటెతో సహా వచ్చింది.

"ఏటి బాబూ? నాను వేసదారినా?"

"మీకు కాదమ్మా ఆ రూలు. మాకు."

"మీకయితే మా ఇంటికాడ సెప్పడమేటి? నా వారాలు మార్సడానికి ఇదేటి, మీ రైలు టైం టేబులా?"

గార్డుగారు క్షమాపణ చెప్పుకున్నారు. గున్నమ్మ ఒప్పుకుంది. ఒప్పుకున్నట్టే కనబడింది. ఆనాటి నుంచి మా ఇంట్లో ఉల్లిపకోడీలు బుధవారం తప్ప మరే రోజూ వేగలేదు. అదీ సాయంత్రం, గార్డుగారు దుంగ మీద కూర్చునే వేళకి. ఆయన ఆ వాసన పీలుస్తూ, అటువైపు చూడకుండా, సంఘ క్రమశిక్షణ గురించి మాట్లాడేవారు. మాట మధ్యలో గుటక వేసేవారు. శుక్రవారం బజ్జీలు.

బాప్తిస్మం సంగతి అంతకన్నా తడిసింది. మందిరం వెనక సిమెంటు తొట్టి ఉంది. దాంట్లో అందరికీ ఇచ్చేవారు. గార్డుగారు దాన్ని చూసి "మొదట్లో ఇలా లేదండీ. పారే నీళ్ళుండాలి" అన్నారు. పాస్టరు వాసుదేవరావుగారు మంచి మనిషి. మంచి మనిషి కావడం వల్ల ఒప్పుకున్నారు. ఎండాకాలం, అందరూ కలిసి టెంపోలో శివనాథ్ నదికి వెళ్ళారు. అక్కడ నదిలో నది తక్కువ, ఇసక ఎక్కువ. ఒక మడుగు దొరికితే పాస్టరుగారు తెల్ల అంగీతో నడుం లోతుకి దిగారు.

"ఒక్క క్షణం అయ్యగారూ" అని గార్డుగారు ఒడ్డున చెట్టు నుంచి ఒక ఆకు తుంపి నీళ్ళ మీద వేశారు. ఆకు కదల్లేదు. అందరూ ఆకును చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి గాలి వీచి ఆకు ఎగువకి బయల్దేరింది.

"నది అటు పారుతోందేమో భయ్యా" అన్నాడు టెంపో డ్రైవరు సాయం చేద్దామని.

"అటు పారదు బాబూ. అటువైపు ఎత్తు."

"మరేం చేద్దామండీ? నేను దిగి చాలాసేపయింది" అన్నారు పాస్టరుగారు.

"పారే నీళ్ళు లేకపోతే ఆగిన నీళ్ళయినా ఫరవాలేదని తర్వాతి వాక్యంలో ఉందండీ. అవీ లేకపోతే చెంబుతో తల మీద పోసినా చాలునట."

పాస్టరుగారు నీళ్ళలోంచే అడిగారు. "ఆ వాక్యం మీకు తొట్టి దగ్గర గుర్తు లేదా?"

"ఉందండీ. కానీ ముందు నది చూడాలి గదా. చూడకుండా లేదని ఎలా రాస్తాం?"

ఇంట్లో మాత్రం ఆయన రూళ్ళు నడిచేవి కావు. భార్య సత్యలక్ష్మిగారు వేరే మతంలో పుట్టి, ఆ పూజలతోనే ఆయన్ని చేసుకుని, ఆ పూజలతోనే ఉన్నారు. ఆయన ఎప్పుడైనా పుస్తకం తెరిస్తే "అందులో బియ్యంలో రాళ్ళేరడం గురించి ఏటైనా ఉందా?" అని అడిగి, లేదంటే చేట ఆయన ముందు పెట్టేవారు.

ఇక ఆయన రూళ్ళన్నిట్లోకీ పేరు మోసింది, మొదట చెప్పిన రెండు రోజుల రూలు. ఊళ్ళు తిరిగే ప్రవక్త ఎవరైనా వస్తే ప్రభువే వచ్చినట్టు చేర్చుకోవాలి. ఒక రోజు ఉండవచ్చు. అవసరమైతే రెండో రోజు. మూడో రోజు కూడా ఉన్నాడంటే దొంగ ప్రవక్త. వెళ్ళేటప్పుడు, రాత్రి మజిలీ దాకా సరిపడా రొట్టె తప్ప ఇంకేమీ తీసుకోకూడదు. డబ్బులడిగినా దొంగ ప్రవక్తే.

మా క్యాంప్ 2లో ప్రవక్తలకి కరువు లేదు. బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు వైపు నుంచి నెలకొకరు పెట్టె పట్టుకుని దిగేవారు. వాళ్ళందరి మజిలీ సూర్యావతి ఇల్లే. ఆమె భర్త పోయాడు. తను ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టరు కింద ఇటుకలు మోసేది. ఆమెకి కాదనడం రాదు. వచ్చినవాళ్ళకి ఆ సంగతి మొదటి పూట భోజనంలోనే తెలిసిపోయేది. రెండో రోజున గార్డుగారు సైకిల్ మీద రొట్టెల మూటతో హాజరు. వాళ్ళు అలిగేవారు, ప్రార్థించేవారు, ఒకాయన నడుం పట్టేసిందన్నాడు. గార్డుగారు ఆయన్ని రిక్షాలో పడుకోబెట్టి స్టేషనుకి తీసుకెళ్ళారు. ఆ లైనులో ఉన్న ప్రసంగీకులంతా ఆయన పేరు చెబితే దండం పెట్టేవారు, భక్తితో కాదు.

తొంభై నాలుగు ప్రాంతంలో బ్రదర్ బలరాం వచ్చాడు.

నలభై దాటిన మనిషి. సాలూరు అవతల ఊరు. చెక్క పెట్టె, నలిగిన తెల్లచొక్కా. మొదటి సాయంత్రమే మందిరంలో నోవహు ఓడ గురించి ప్రసంగం పెట్టాడు. నేను ఇవతల గుమ్మం చట్రం చేస్తున్నాను. అతను ఓడకి చెట్టు ఎంచడంతో మొదలుపెట్టాడు. దుంగని ఏ వైపు నుంచి కొయ్యాలి, పలక ఎందుకు మెలి తిరుగుతుంది, పచ్చిచెక్కకి రంపం ఎందుకు పట్టేస్తుంది, అన్నీ చెప్పాడు. నేను చిత్రిక ఆపి విన్నాను. ఒక ప్రసంగానికి పని ఆపడం నాకదే మొదలు. గంట గడిచింది. పలకలింకా బిగుస్తూనే ఉన్నాయి. జనం ఆవలించారు, పిల్లలు పడుకున్నారు. పాస్టరుగారు గడియారం చూసి ప్రార్థన చేయించేశారు. వాన పడనే లేదు.

రెండో రోజు గార్డుగారు రొట్టెలు తెచ్చారు. బలరాం మూట తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. కానీ లేవలేదు.

"ఒంట్లో బాగునేదు బావూ. రేపెల్లిపోతాను" అన్నాడు.

సూర్యావతి గుమ్మంలో నిలబడి తలొంచుకుంది. గార్డుగారు అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు. చల్లగా ఉంది. సైకిలెక్కి వెళ్ళిపోయారు.

మూడో రోజు ఆదివారం. బలరాం మందిరంలో వెనక బెంచీ మీద కూర్చున్నాడు. ఆరాధన అయ్యాక ఒక్కరూ ఇంటికి కదల్లేదు. ఇన్నేళ్ళలో మూడో రోజు మనిషి కంటబడటం అదే మొదలు. గుమ్మం బయట జనం చేరితే నేనూ వెళ్ళి నిలబడ్డాను.

"గార్డుగారూ, ఇవాళ మూడో రోజు. మరి మీ పుస్తకం ఏమంటది?" అన్నాడు కమిటీలో ఉన్న మనోజ్‌కుమార్. ప్లాంటులో క్రేన్ నడుపుతాడు, అన్నీ పైనుంచి చూడటం అలవాటు. "నది దగ్గర మమ్మల్ని ఎండలో నిలబెట్టారు గదా. ఇప్పుడు చెప్పండి. బోల్‌ దీజియే. దొంగా, కాదా? దొంగైతే రాయపూర్ దాకా అన్ని సంఘాలకీ కబురు పెట్టేద్దాం. ఎవరూ గుమ్మం ఎక్కనివ్వరు."

బలరాం మొహం మాడిపోయింది. ఆ కబురు వెళ్తే అతనికి ఈ లైనులో అన్నం పెట్టే ఇల్లుండదు.

"బాబూ, నాకు ఎల్డానికి తావు నేదు" అన్నాడు లేచి. "మా ఊర్ల సంగం నన్ను పిలడం మానీసినారు. నా మాట నిలవదు. ఎత్తుకున్నాది ఒకటి, ఎల్లిపోయేది ఇంకోటి. ఆ సంగతి నాకూ తెల్సు."

"ఆ సంగతి మాకూ తెలిసింది" అన్నారు వెనక నుంచి ఎవరో.

గార్డుగారు పుస్తకం తెరిచారు. "మూడో రోజు ఉంటే దొంగ ప్రవక్త. రూలు రూలేనండీ."

సూర్యావతి చప్పున తలెత్తింది. "అలగనకు గార్డు బావూ!" అంది. కాదనడం రాని మనిషి కాదనడం నేను వినడం అదే మొదటిసారి. తర్వాత కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

గార్డుగారు ఆమె వైపు చూడలేదు. బలరాం వైపు చూశారు.

"మీరు ప్రవక్తా?"

"ఆఁ?"

"సూటిగా చెప్పండి. ప్రవక్త అయితే ఈ పేజీ మీది."

ఇరవై ఏళ్ళుగా ఎవరూ బలరాన్ని ఆ ప్రశ్న అడిగినట్టు లేరు. "కాదు బావూ" అన్నాడు చివరికి. అన్నాక అతని భుజాలు కాస్త కిందికి దిగాయి.

"అయితే మరి మనం చూస్తున్నది వేరే మనిషి పేజీ" అని గార్డుగారు ఒక కాగితం తిప్పారు. "ఇదిగో. ప్రవక్త కాని బాటసారి వస్తే చేర్చుకోండి. తర్వాత పరీక్షించండి. మీ దగ్గరే ఉండిపోతానంటే, చేతిపని వచ్చినవాడైతే పని చేసుకుని తిననివ్వండి. పని రాకపోతే మీరే ఆలోచించి ఏదో దారి చూపండి. ఊరికే కూర్చోబెట్టకండి. అంతే ఉంది. మూడో రోజు మాటే లేదిక్కడ."

"ఇది మీరు ఇప్పుడు కల్పించారు" అన్నాడు మనోజ్‌కుమార్.

"పుస్తకం తీసుకుని చదవండి బాబూ."

మనోజ్‌కుమార్ చదివాడు. తిరిగి ఇచ్చేశాడు. పాస్టరుగారు నవ్వు ఆపుకుంటూ, "మీ పుస్తకంలో తర్వాతి వాక్యం ఎప్పుడూ ముందు వాక్యం కన్నా బాగుంటుందండీ. ఈసారి నన్ను నీళ్ళలో నిలబెట్టకుండానే చెప్పారు, సంతోషం" అన్నారు.

"మరి చేతిపని ఏమొచ్చు బలరాంగారూ?" అని అడిగారు గార్డుగారు.

"ఏటీ రాదు బావూ. సిన్నప్పుడు మా అయ్యతో కోతమిల్లుకాడ..."

నేను గుమ్మం బయట నుంచే అరిచాను. "ఓడ కట్టాడు గదండీ మొన్న! ఆ మనిషిని నా కొట్టుకి పంపండి."

కొట్టులో నా పెద్ద రంపం అతని చేతికిచ్చాను. అతను దాన్ని కొయ్యడానికి పెట్టలేదు. కంటి ముందు నిలువుగా పట్టి పళ్ళ వరస వెంట చూశాడు. అలా చూసినవాణ్ణి చూస్తే నాకిక పరీక్ష అక్కర్లేదు. "ఎవులు పదును పెట్టినారిది?" అన్నాడు. నేనే పెట్టానని చెప్పలేదు. అతను పళ్ళు అరగదీసే ఆకురాయి అడిగాడు.

రంపం పదునంటే పళ్ళు అరగదీయడం కాదు. ఒక పన్ను కుడికి, దాని పక్కది ఎడమకి, వెంట్రుకంత వంచాలి. అన్నిటికీ ఒకటే వంపు ఉండాలి. ఒక వైపు ఎక్కువైతే కోత పక్కకి పారిపోతుంది. తక్కువైతే చెక్క రంపాన్ని పట్టేస్తుంది. అది చెప్తే వచ్చే పని కాదు. భిలాయిలో ఇంత ఇనుము పోస్తారు గానీ చేతిరంపానికి పళ్ళు కుదిర్చేవాడు మా క్యాంపులో ఒక్కడూ లేడు. మేమంతా సొంతంగా పాడుచేసుకునేవాళ్ళం.

బలరాం ఒక్కో పన్నూ కుడికీ ఎడమకీ వంచుకుంటూ వెళ్తున్నాడు. గార్డుగారు దుంగ మీద కూర్చుని చూస్తున్నారు.

"ఉండటమెక్కడండీ?" అని అడిగాను మెల్లగా.

"మా ఇంట్లోనే. సత్యలక్ష్మితో చెప్పాను."

"ఏమన్నారు?"

"చేటలు రెండున్నాయంది."

అప్పుడే సూర్యావతి బలరాం పెట్టె తెచ్చి కొట్టులో దించింది. బలరాం పనిలో ఉన్నాడని, గార్డుగారు దూరంగా ఉన్నారని చూసుకుని నాతో గొంతు తగ్గించి అంది: "మేస్త్రీ, ఈ గార్డు బావు రొట్టెలు తేకపోతే నాను ఎప్పుడో అయిపోదును. వొచ్చినోలికి కోడి వొండాల, మంచం ఇయ్యాల. ఎల్లిపొమ్మని నా నోట్తో ఎలగంటాను? దేవుడి మనుసులు గదా. వొచ్చినోడు దిగిన రోజునే సత్యలక్ష్మమ్మ బియ్యం కొలిసి దొడ్డిదారిన పంపిస్తాది. గార్డు బావుకి తెల్దనుకుంటాది, మొగుడికి సెప్పకండని నాకు సెప్తాది."

ఆమె వెళ్ళాక గార్డుగారి వైపు తిరిగాను. ఆయన విననట్టు కప్పులో బూజు వైపు చూస్తున్నారు.

"బియ్యం సంగతి మీకు తెలుసా?"

"చేటలో రాళ్ళేరేది నేనే గదా."

"మరి రెండు రోజుల రూలు..."

"మేస్త్రీ, రైల్వేలో ప్రతి రూలు వెనకా ఒక యాక్సిడెంటుంటుంది. ఎక్కడో ఎవడో దెబ్బ తిన్నాకే ఆ వాక్యం రాస్తారు. ఇదీ అంతే. ఎప్పుడో, ఏ దేశంలోనో, ఎవరో ఒకావిడ బియ్యం డబ్బా ఖాళీ అయి ఉంటుంది. ఆవిడ నోరు తెరిచి చెప్పుకోలేక ఉంటుంది. అందుకని పెద్దలు రాసిపెట్టారు."

"ఆ మాటే వాళ్ళకి చెప్పొచ్చు గదండీ. పేదరాలు, వండిపెట్టే స్తోమత లేదని."

"చెబితే సూర్యావతి తలెత్తుకుంటుందా?" అన్నారు. "పదహారు పదిహేడు వందల ఏళ్ళ కిందట పోయినవాళ్ళ మీదికి తోసేస్తే ఎవరికీ నొప్పుండదు. వచ్చినాయన వాళ్ళని తిట్టుకుంటాడు. కాదంటే నన్ను."

ఇంతలో గున్నమ్మ బలరానికి టీ, గార్డుగారి ముందు ఒక పళ్ళెం పెట్టి వెళ్ళింది. పకోడీలు. ఆయన ఉలిక్కిపడి నా వైపు చూశారు.

"ఇవాళ ఆదివారం" అన్నాను.

"తెలుసు. మీ ఆవిడకి తెలుసా అని" అని పళ్ళెం దగ్గరికి లాక్కున్నారు.

మర్నాటి నుంచి నేను తెలిసిన వడ్రంగులందరికీ కబురు చేశాను. మొదట వచ్చినవాడు సెక్టర్ 7లో క్వార్టర్ల తలుపులు బాగుచేసే సింహాద్రి. ఏ పని చూసినా వంక పెట్టడం అతని పద్ధతి. ఇచ్చిన రంపం చూసి నాకే భయమేసింది. సగం పళ్ళు అరిగి, సగం వంకరపోయి ఉన్నాయి. బలరాం దాన్ని రెండు పలకల మధ్య బిగించి, పాత పళ్ళన్నీ సమం చేసి, మళ్ళీ మొదటి నుంచీ కోశాడు.

సాయంత్రం సింహాద్రి వచ్చి, గట్టి సాల్ చెక్క తుండు ఒకటి తీసుకుని, గీత గీయకుండా రంపం పెట్టాడు. రంపం తన బరువుతోనే దిగింది. పొట్టు సన్నగా, ఇటూ అటూ సమంగా రాలింది. తుండు తెగి కింద పడ్డాక, అతను కోసిన అంచు మీద బొటనవేలు రాసి చూశాడు. వంక కోసం రెండోసారి రాశాడు.

"ఎవులు సేసినారు?"

నేను బలరాం వైపు చూపించాను.

"ఈన పాస్టరు కాదేటి?"

"కాదు బావూ" అన్నాడు బలరాం, చేతులు తుడుచుకుంటూ.

"నాకాడ ఇంకా రెండున్నాయి. ఎల్లుండి తెత్తాను. అప్పటికి ఉంటావా, ఎల్లిపోతావా?"

"తే బావూ. ఇక్కడే ఉంటాను."

బలరాం ఆ రంపాన్ని గోనెగుడ్డలో చుట్టి, పళ్ళు తగలకుండా తాడు కట్టి, సింహాద్రి చేతికిచ్చాడు.